సైబరు రక్షణ విద్య రైతు చెవికెక్కు మార్గము

గత మాసమున మన సంఘ సమావేశములో ఎరువుల లెక్కలు ముగిసిన పిమ్మట ఒక ప్రకటన చదువబడినది. సెల్‌ఫోనుల ద్వారా, కంప్యూటరుల ద్వారా జరుగు మోసముల నుండి ఖాతాదారులు తమ్ము తాము కాపాడుకొనుటను గూర్చి అది వ్రాయబడినది. వ్రాసినవారు విషయమెరిగినవారే, అందులో తప్పు ఒక్కటియు లేదు. ఫిషింగు, మాల్వేరు, రిమోట్ యాక్సెసు, సోషల్ ఇంజినీరింగు అను మాటలు తెలుగు లిపిలో వరుసగా వచ్చెను. చదువుటకు పావుగంట పట్టెను. మొదటి వరుసలో కూర్చున్న ఒక వృద్ధ సభ్యుడు తలపాగ సవరించుకొనుచు కడవరకు ఓపికతో విని, "మంచిగనే ఉన్నది బిడ్డా. గని ఇప్పుడు నన్నేం జెయ్యమంటవు?" అని అడిగెను. చదివిన గుమాస్తాకు సమాధానము తోచలేదు. విన్న నాకును తోచలేదు. సభ ముగిసి డోర్నకల్ స్టేషను వైపు నడచుచు ఆ ప్రశ్ననే తలపోసితిని. ఈ వ్యాసమునకు అదియే కారణము.

ఇది పట్టణవాసుల బాధ, మనకేమి యని తలచువారు మనలో ఇంకను కలరు. కేంద్ర హోంశాఖవారు 2025లో పార్లమెంటునకు తెలిపిన లెక్కను బట్టి, సైబరు మోసముల వలన దేశప్రజలు పోగొట్టుకొన్న ధనము 2023లో సుమారు 7,465 కోట్ల రూపాయలు. 2024లో అది 22,845 కోట్లకు పైబడెను. ఒక్క యేట మూడింతలైనది. మన తెలంగాణమున 2024లో లక్షకు మించిన ఫిర్యాదులు వచ్చెను. ఇందులో రైతు భాగమెంతయని వేరుగా లెక్కింపబనిలేదు. మిర్చి అమ్మిన సొమ్ము నేడు ఖమ్మము మార్కెట్టు నుండి గుడ్డమూటలో రాదు, ఖాతాలోనికి వచ్చును. పి.ఎం. కిసాన్ వారి ఆరువేలు మూడు వాయిదాలుగా ఖాతాలోనికే వచ్చును. ధాన్యము డబ్బును అట్లే. సొమ్మున్న చోటికి దొంగ వచ్చుట కొత్త సంగతి కాదు. మునుపటి దొంగ చీకటి కొరకు వేచియుండెడివాడు; ఇప్పటివాడు వాయిదా పడు తేదీ కొరకు వేచియున్నాడు.

ఈ దొంగల పద్ధతులను శోధించు పండితులు లోకమున అనేకులు కలరు. వారి పరిశోధనలు ఏటేట గ్రంథములుగా వెలువడుచున్నవి. నా అభిప్రాయమున కొరత విద్యలో లేదు. ఆ విద్య మన వాకిటికి వచ్చు బండికి చక్రములు లేవు. ఆ చక్రములు రెండు: ఒకటి కథ, రెండవది రూపకల్పన. అనగా వస్తువును గాని, మాటను గాని, బొమ్మను గాని వాడుకొనువాని కన్నునకు, చేతికి తగునట్లు అమర్చుట.

ఇది నా సొంత కల్పన యని ఎవరైనను తలచినచో, పండితులే ఈ మాట ఎన్నడో ఒప్పుకొనిరని తెలుపుచున్నాను. 1975లో అమెరికా దేశమున సాల్ట్‌జర్, ష్రోడర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు కంప్యూటరు రక్షణకు ఎనిమిది సూత్రములు చెప్పిరి. అందు కడపటిది ఏమనగా, రక్షణ విధానము మనుష్యునకు సులభముగా అలవడునదై యుండవలెను. లేనిచో అతడు దానిని తప్పుగా వాడును, లేక మానివేయును. 1999లో విటెన్, టైగర్ అను మరి ఇద్దరు ఒక ప్రయోగము చేసిరి. రహస్యముగా ఉత్తరములు పంపుటకై అందముగా తయారుచేయబడిన ఒక సాధనమును చదువుకొన్న పన్నెండుగురికి ఇచ్చి, గంటన్నర వ్యవధి నిచ్చిరి. వారిలో ఎక్కువమంది ఆ పని నెరవేర్పలేకపోయిరి. కొందరు రహస్యమును బట్టబయలుగా పంపివేసిరి కూడ. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఆడమ్స్, సాస్ అను ఇద్దరు స్త్రీలు, వాడుకొనువాడు శత్రువు కాడని, అతనిని నిందించుట మాని సాధనమును సరిచేయవలెనని వాదించిరి.

ఇంకొక ముచ్చట కలదు. సంకేతపదమున పెద్ద అక్షరము, చిన్న అక్షరము, అంకె, గుర్తు అన్నియు ఉండవలెనని, దానిని తరచుగా మార్చుచుండవలెనని బ్యాంకులవారు మనలను ఎంత బాధించిరో అందరికిని తెలియును. ఆ నియమములకు మూలము 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థ యొకటి వెలువరించిన పత్రము. దానిని వ్రాసిన ఉద్యోగి 2017లో, తాను చెప్పినదానిలో చాలభాగమునకు ఇప్పుడు చింతించుచున్నానని పత్రికలవారితో ఒప్పుకొనెను. ఆ సంస్థయు అదే యేట తన సలహాను మార్చుకొనెను. మన రైతు సంకేతపదమును పాసుపుస్తకము అట్టమీద వ్రాసికొనినందుకు నవ్విన పట్టణపు బాబులు ఈ సంగతి వినవలసినది.

కథ మాటకు వచ్చెదము. 2012లో రేడర్, వాష్, బ్రూక్స్ అను పరిశోధకులు మూడువందల మందికి పైగా విద్యార్థులను, ఈ రక్షణ సంగతులు మీకెట్లు తెలిసినవని అడిగిరి. తల్లి చెప్పినది, మిత్రుడు చెప్పినది, ఫలానివాని కంప్యూటరు చెడినదట, ఫలానిదాని సొమ్ము పోయినదట యను కథల వలననే పెక్కుమంది పాఠము నేర్చిరనియు, ఆ కథలు విన్న పిమ్మట తమ అలవాట్లు మార్చుకొనిరనియు తేలినది. వీరు కళాశాలలో చదువువారు! వారికే అట్లైనచో, రచ్చబండ మీద కూర్చుండి లోకము సంగతులన్నియు కథగా వినుటకు అలవడిన మనకు వేరుగా చెప్పనేల?

ఇప్పుడు మన సహకారోద్యమమునకే తగిలిన ఒక దెబ్బను గూర్చి చెప్పెదను. 2022 జనవరిలో హైదరాబాదు నందలి ఏ.పి. మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలు సైబరు దొంగలు కాజేసిరి. హైదరాబాదు పోలీసువారు దర్యాప్తు చేసి తెలిపినదాని సారాంశము ఇది: అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు దొంగ ఈమెయిళ్లు వచ్చినవి. వానిని తెరచినంతనే దూరము నుండి కంప్యూటరును నడుపగల మాయ సాధనము లోపలికి ప్రవేశించినది. సర్వాధికారములు గల వాడుకరి ఖాతాలు అవసరమునకు మించి యుండెను. వానిలో కొన్నింటికి ఒకే సంకేతపదము. తగిన అడ్డుగోడలు లేవు. సొమ్ము వందకు పైగా ఖాతాలకు, అచ్చటినుండి వందలకొలది ఇతర ఖాతాలకు పంచబడి, దేశమున నానాచోట్ల ఏ.టి.ఎం.ల ద్వారా తీయబడినది. రిజర్వు బ్యాంకువారు 2023లో ఆ బ్యాంకునకు 65 లక్షల జరిమానా విధించిరి.

పై వాక్యములలో అసత్యము లేదు. కాని ఇది మన సంఘము వరండాలో చదివినచో మునుపటి ప్రకటనకు పట్టిన గతియే పట్టును. దానినే మరియొక విధముగా చెప్పి చూతము.

ఒక ఊరిలో సంఘపు గోదాము కలదు. దానికి పది తాళపుచెవులు చేయించిరి; మూడు చెవులు చాలును, కాని పెద్దలందరికిని తలకొకటి కావలెను గదా! కొన్ని తాళములకు చెవి కూడ ఒకటే, గుర్తుంచుకొనుట తేలికయని. గోదాము లోపల ధాన్యము గదికిని ఎరువుల గదికిని డబ్బు పెట్టె గదికిని నడుమ గోడలు లేవు. ఒకనాడు ఒకడు ఉత్తరము తెచ్చెను. పైన సర్కారు ముద్ర వంటి ముద్ర. గుమాస్తా విప్పిచూచెను, లోపల ఏమియు లేదు. పారవేసి పనిలో పడెను. ఆ కవరులో ఒక చిట్టెలుక వచ్చినదని అతడెరుగడు. ఆ ఎలుక రెండు నెలలు అటుక మీద కూర్చుండి, ఏ చెవి ఎవరి మొలకు వ్రేలాడునో, సెలవెప్పుడో, లెక్క ఎవరు చూతురో కనిపెట్టెను. సంఘము తలుపు మూసిన దినము చూచి తలుపు లోపలినుండి తీసెను. బయట నూరు బండ్లు సిద్ధముగా నున్నవి. ఆ బండ్లు దొంగవి కావు. బండికింత యని కిరాయి పుచ్చుకొని, ఏ సరకో అడుగక ఇచ్చిన మన ఊరివారి బండ్లే! తెల్లవారుసరికి బస్తాలు నూరు దారుల పోయినవి. పోలీసులు వచ్చి మొదట పట్టుకొనినది బండ్ల యజమానులను.

ఈ కథను నేను మా వీధిలో పదిమందికి చెప్పి చూచితిని. విన్న ఒక యువకుడు ముఖము వెలవెలబోయి, "అన్నా, నా బ్యాంకు ఖాతా కొన్ని రోజులకిస్తే అయిదు వేలిస్తమన్నరు, అది బండి కిరాయేనా?" అని అడిగెను. అదియే. ఖాతాను, ఏ.టి.ఎం. కార్డును, సిమ్ముకార్డును కిరాయికిచ్చుట నేరము. దొంగసొమ్ము ఎవరి ఖాతాలో నడచునో వారి ఇంటికే పోలీసులు ముందు వత్తురు. మ్యూల్ అకౌంటు అను మాట ఆ కుర్రవాడు ఎన్నిసార్లు చదివినను, అది తనను గూర్చిన మాటయని గ్రహింపలేదు. బండి కిరాయి అనగానే గ్రహించెను.

కథను బొమ్మతో కూర్చి చెప్పుటలో మన ప్రాంతము ఎవరికిని తీసిపోదు. జనగామకు చేరువనున్న చేర్యాలలో నకాషీవారు వ్రాయు పటములను చూచినవారు ఎరుగుదురు. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రని నేల మీద బొమ్మలు తీర్చి, మూడడుగుల వెడల్పున గజముల కొలది పొడవుగా పటము సాగును. కథకులు దానిని పైనుండి విప్పుచు, ఒక్కొక్క గడిని కర్రతో చూపుచు పాడుదురు. ఇందు నేను మెచ్చునది రంగులను మాత్రమే కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, రజకులకు మడేలు పురాణము, గౌడులకు గౌడ పురాణము, మాదిగలకు జాంబ పురాణము. వినువారు మారినచో పటము మారును. ఒకే ప్రకటనను బ్యాంకు గుమాస్తాకును, కిరాణా వర్తకునికిని, మిర్చి రైతునకును, కూలికి పోవు ఆడుబిడ్డకును పంచిపెట్టు మన నాగరికులకు ఆ పటకథకుల పాటి తెలివి యేల కలుగలేదో నాకు తెలియదు.

ఒగ్గుకథయు అట్టిదే. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్యగారు ఒగ్గు డమరుకము పట్టినచో తెల్లవార్లు జనము కదలకుండెడివారు. ఆయనకు 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారము లభించినది; 2017లో పరమపదించిరి. మల్లన్న కథ, బీరప్ప కథ చెప్పు ఆ కళకు, నడుమ ఆపి వినువారిని ప్రశ్నించు వెసులుబాటు కలదు. ప్రక్క వంతవాడు అడ్డుప్రశ్న వేయును, కథకుడు బదులు చెప్పును. సైబరు విద్యకు కావలసినది ఈ వంతవాడే. "అట్లయితే డబ్బు వచ్చుటకు పిన్ను కొట్టవలెనా?" అని అతడు అడుగవలెను, "డబ్బు పోవుటకే పిన్ను, వచ్చుటకు కాదు" అని కథకుడు చెప్పవలెను. ఆ ఒక్క జవాబు పది పుటల ప్రకటన కంటె మేలు.

మన డోర్నకల్ కూడ ఈ విషయమున కొంత చూచిన ఊరు. ఇచ్చట 1912 మొదలు 1945లో మరణించువరకు బిషప్పుగా నుండిన వి. యస్. అజరయ్యగారు అక్షరము రాని పల్లెవారికి బోధించుటకై తెలుగు పాటలను, నాటకములను ఆశ్రయించిరి. 1939లో ప్రతిష్ఠింపబడిన ఇచ్చటి దేవాలయమున గుమ్మటములు, మినారులు, పద్మములు చెక్కిన స్తంభములు కలిసియుండును. మతవిషయము ప్రస్తుతము కాదు. తెలియని సంగతిని చెప్పదలచినవాడు దానికి చూపరుల కన్నెరిగిన ఆకారమును ఇయ్యవలెనను ఉపాయము ఈ ఊరి రాళ్లలోనే కలదని చెప్పుట మాత్రమే నా తాత్పర్యము.

అయితే కథ యనునది రెండంచుల కత్తి. రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కార్యాలయమువారు 2022లో రాజు, నలుబది దొంగలు అను అర్థమిచ్చు పేరుతో ఆంగ్లమున ఒక బొమ్మల పుస్తకము వెలువరించిరి. ఆలీబాబా కథ నుండి పేరు తీసికొని, నలుబది విధముల మోసములను నలుబది చిన్నకథలుగా, బొమ్మలతో, కథకొక పాఠముతో కూర్చిరి. ప్రభుత్వ కార్యాలయము నుండి అంత చక్కని పని వచ్చుట అరుదు; దానిని మెచ్చుకొనుచున్నాను. కాని చదువుచుండగా ఒక సందేహము కలిగినది. రాజు పలుమారులు మోసపోవును, మనము అయ్యో యందుము, లోలోపల నవ్వుకొందుము. నేను రాజును కాను అనుకొందుము. మోసపోయినవాడు అమాయకుడు అని ముద్ర వేయు కథ, రేపు మోసపోవువాని నోరు నొక్కివేయును.

ఇది ఊహించి చెప్పునది కాదు. మా వీధిలో ఒక రైతునకు పి.ఎం. కిసాన్ పేరిట వాట్సాపులో ఒక ఫైలు వచ్చినది. పేరు సరిచూచుకొనుటకు దీనిని తెరువుమని అందుండెను. అట్టి ఫైలు తెరచి అనుమతులిచ్చినచో, ఫోనునకు వచ్చు సందేశములన్నియు, బ్యాంకువారు పంపు ఓ.టి.పి. సహితముగా, దొంగ చదువగలడు. ఆనాటి రాత్రియే అతని ఖాతాలోని మిర్చి సొమ్ము నలువదివేలకు పైగా పోయినది. అతడు తొమ్మిది దినములు ఎవరికిని చెప్పలేదు. భార్యకు కూడ చెప్పలేదు. ఈలోగా అతని ఫోను నుండి అదే ఫైలు తనంతట తాను మా అందరి ఫోనులకు వచ్చినది. అతడు పంపినాడు గదా యని నమ్మి మరి ఇద్దరు తెరచిరి. ఏల చెప్పలేదని తరువాత అడిగితిని. "నవ్వుతరని" అనెను. అంతే. మొదటి గంటలో 1930 నంబరుకు ఫోను చేసినచో, సొమ్ము ఇంకను ఏదో యొక ఖాతాలో నున్న యెడల దానిని అచ్చటనే నిలిపివేయు ఏర్పాటు కలదు. సిగ్గు ఆ గంటను మ్రింగినది. కనుక మనము చెప్పు కథలో మోసపోయినవాడు మందబుద్ధి కారాదు. అతడు తెలివైన రైతు, పనిలో అలసియున్నవాడు, దొంగ తన వృత్తిలో నేర్పరి. పోగొట్టుకొనిన వెంటనే ఫోను చేసినవాడే ఆ కథకు వీరుడు.

బెదరించు కథయు మంచిది కాదు. 2024 చివరనుండి ఫోను చేయునప్పుడు తరచుగా సైబరు హెచ్చరిక యొకటి వినవలసివచ్చెను. వైద్యునికై ఫోను చేయువాడును, చూలాలిని ఆసుపత్రికి చేర్చుటకు బండిని పిలుచువాడును దానిని విని తీరవలెను. నాలుగు దినములకే అందరి చెవులును దానిని వినుట మానివేసినవి. విసుగు మాత్రము మిగిలెను. 2025 జూన్‌లో దానిని నిలిపివేసిరి. చెప్పిన మాట మంచిదే, చెప్పిన చోటు తప్పు. డిజిటల్ అరెస్టు అను మోసమును గూర్చి ప్రధానమంత్రిగారు 2024 అక్టోబరు 27న రేడియోలో చెప్పిన విధము దీనికంటె నయము: ఆగుము, ఆలోచింపుము, ఆపైన చేయుము అని మూడు మాటలు, ఫోను ద్వారా అరెస్టు చేయు చట్టము లేదని ఒక వాక్యము. అది నోట నిలిచెను.

కథలు చెప్పుచు కూర్చున్నంతనే సరిపోదని కూడ ఒప్పుకొందును. కంచె సరిగా నాటక, రాత్రియంతయు మేలుకొమ్మని రైతునకు నీతులు చెప్పుట న్యాయము కాదు. రెండు ఉదాహరణములు చూపెదను. యు.పి.ఐ.లో ఎదుటివాడు మననుండి సొమ్ము కోరుచు ఒక అభ్యర్థన పంపుటకు మునుపు వీలుండెను. దొంగ దానిని పంపి, "మీకు డబ్బు పంపుచున్నాను, పిన్ను కొట్టి తీసికొనుడు" అని నమ్మించెడివాడు. ఎన్ని ప్రకటనలు వేసినను ఈ మోసము ఆగలేదు. కడకు ఆ చెల్లింపుల సంస్థవారు వ్యక్తులు పరస్పరము అట్లు కోరు వీలునే 2025 అక్టోబరు 1 నుండి తీసివేసిరి. ఒక తలుపు మూసినంతనే ఎన్నో నీతివాక్యములకు పనిలేకపోయెను.

రెండవది మన వేలిముద్రను గూర్చినది. తెల్లకాగితము మీద వేలిముద్ర వేయించుకొని భూములు కాజేసిన వడ్డీవ్యాపారుల కాలమును మన తాతలు చూచిరి. ఆ బాధ నుండి తప్పించుటకే సహకార సంఘములు పుట్టినవి. బ్రిటిషిండియాలో 1904లో, నైజాము రాజ్యమున 1914లో చట్టములు వచ్చినవి. వేలిముద్ర బెడద అంతటితో తీరినదనుకొంటిమి. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ముకార్డుల వ్యాపారి, రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటులో నుంచిన భూమి దస్తావేజుల నుండి రైతుల వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలుగా చేసి, వారి పేర వేలకొలది సిమ్ములు నడిపించినట్లు పోలీసులు పట్టుకొనిరి. తరువాతి సంవత్సరములలో అదే పద్ధతిని కొందరు ఆధారు ద్వారా బ్యాంకు సొమ్ము తీయుటకు వాడిరి. దస్తావేజు మీద ముద్ర వేసిన రైతు చేసిన తప్పేమి? దానిని లోకమంతటికి చూపినవారిది తప్పు. ఆధారు సంస్థవారు 2023లో, యంత్రము మీద నుంచినది సజీవమైన వేలా, రబ్బరు ముక్కయా యని కనిపెట్టు ఏర్పాటు చేసిరి. వేలిముద్రను మనమే తాళము వేసికొనుటకు వీలును కలదు. కాని ఎంతమందికి తెలియును? తాళము కలదని యజమానికి తెలియని తాళము అది.

కనుక పరిశోధకులకు నా విన్నపమేమనగా, మీ విద్యను రెండు ముఖములుగా నడుపుడు. సాధనముల నిర్మించువారికి చెప్పవలసినది వారికి చెప్పి తలుపులు సరిచేయింపుడు. మిగిలినది మాకు కథగా, పటముగా తెండు. తెచ్చునప్పుడు ముగించి తేవలదు. సగము చేసి తెండు. బొమ్మను చదువురాని ఒక రైతునకు, ఒక ముసలమ్మకు, ఒక బడిపిల్లవానికి చూపి, ఇందేమి జరుగుచున్నదో చెప్పుమని అడుగుడు. వారు చెప్పిన కథ మీరనుకొన్న కథ కానిచో బొమ్మను మార్చుడు, మనిషిని మార్పజూడకుడు. గాలము బొమ్మ వేసినచో మావారు చేపల పట్టుట అనుకొందురు. తాళము బొమ్మ వేసినచో ఇల్లు అమ్మకమునకు ఉన్నదనువారు కూడ ఉందురు.

మన సంఘములకు ఇది ఇప్పుడే అవసరమగుటకు ఇంకొక కారణము కలదు. దేశమునందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులలోనికి మార్చుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. పుస్తకములు పోయి తెరలు వచ్చుచున్నవి. మంచిదే, తప్పుడు లెక్కలు తగ్గును. కాని పది తాళపుచెవుల గోదాము కథ రేపు మన కార్యదర్శులకు, గుమాస్తాలకు తమ కథయే కాగలదు. వారికి వేరొక పటము కావలెను: తమ సంకేతపదమును ప్రక్క కుర్చీవానికి చెప్పుటయు, సర్కారు ముద్ర గల ఈమెయిలును చూచినంతనే తెరచుటయు అందు చూపవలెను.

వచ్చు మహాజనసభకు ఈ క్రింది సంగతిని చర్చనీయాంశముగా చేర్పవలసినదని పాలకవర్గమువారిని కోరుచున్నాను. సంఘము వరండాలో, ఎరువుల ధరల పట్టిక ప్రక్కన, ఐదు గడుల పటమొకటి వ్రాయింపవలెను. మొదటి గడిలో వాట్సాపు ఫైలు, రెండవదానిలో పిన్ను, మూడవదానిలో బండి కిరాయి, నాలుగవదానిలో పోలీసు వేషము వేసి ఫోనులో బెదరించువాడు. ఐదవ గడిలో దొంగ ఉండరాదు. 1930కి ఫోను చేయుచున్న రైతును, అతని ప్రక్కన నిలిచిన భార్యను వ్రాయవలెను. దీనికగు ఖర్చు ఒక లారీ ఎరువు దింపు కూలికి మించదు. ప్రతి సమావేశమున లెక్కల పిదప పది నిమిషములు, మోసపోయిన సభ్యుడెవరైన ఇష్టమున్నచో తానే, లేనిచో పేరు తెలుపక కార్యదర్శి, జరిగిన కథను చెప్పవలెను. చెప్పినవాని యెదుట ఎవరును నవ్వరాదని తీర్మాన పుస్తకములో వ్రాయవలెను. మా వీధి రైతు మొదటి కథ చెప్పుటకు ఒప్పుకొనినాడు. ఆనాడు ప్రశ్న వేసిన వృద్ధ సభ్యుని వంతవానిగా కూర్చుండబెట్టవలెనని నా కోరిక. అడుగుటకు ఆయనయొద్ద ఇంకను చాల ప్రశ్నలు కలవు.